ఎవరి సమ్మతి? - హైదరాబాదు సంస్థానమూ, రాజ్యాంగ ప్రజామోదమూ

నవంబరు 26వ తేదీన కళాశాలల్లో రాజ్యాంగ పీఠికను అందరిచేతా చదివించే ఆచారం 2015 నుంచి ఏర్పడినది. ఒక సంవత్సరం ఆ పఠనం ముగిసిన తరువాత వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, "సార్, భారత ప్రజలమైన మేము అని రాసిండ్రు గదా, మా తాతను ఎవరడిగిండ్రు?" అన్నాడు. తరగతి అంతా నవ్వినది. నేనూ నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న నవ్వుతో తీరిపోయేది కాదని ఇంటికి వచ్చిన తరువాత తోచినది. ఆ కుర్రవానిది మా చందూరు ప్రాంతమే. నిజాంసాగర్ కాలువ కింద వరీ చెరుకూ పండించిన కుటుంబం. అతని తాత 1949లో నిజాం సంస్థానపు ప్రజ. ఆ తాతను నిజంగానే ఎవరూ అడగలేదు. అంతమాత్రమే కాదు, అడుగుతామని మాట ఇచ్చి అడగలేదు.

ఈ సంగతి మన చరిత్ర పాఠాల్లో అంతగా కనిపించదు గనుక మొదట దీనిని వివరించవలసి ఉన్నది. రాజ్యాంగ నిర్ణయ సభలో హైదరాబాదు సంస్థానానికి 16 స్థానాలు కేటాయించారు. పది లక్షల జనానికి ఒక సభ్యుడు చొప్పున లెక్క. 1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో ఉన్నది కోటీ అరవై లక్షలకు పైగా జనం. ఆ స్థానాలు చివరిదాకా ఖాళీగానే ఉండిపోయినవి. 1948 సెప్టెంబరు 13న మొదలయిన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసిన తరువాత, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా పాలన సాగించాడు. అస్పృశ్యత నిషేధాన్ని గురించీ, ఆస్తి హక్కును గురించీ, విచారణ లేని నిర్బంధాన్ని గురించీ ఢిల్లీలో చర్చలు జరుగుతున్న నెలల్లో తెలంగాణ పల్లెల్లో ఉన్నవి సైనిక శిబిరాలు.

ఆ పరిస్థితిలో, 1949 నవంబరు 23న నిజాం ఒక ఫర్మానా జారీ చేశాడు. భారత రాజ్యాంగమే హైదరాబాదుకు కూడా రాజ్యాంగం అవుతుందని అందులో ఒప్పుకున్నాడు. అయితే ఆ ఒప్పుకోలుకు ఒక షరతు ఉన్నది. దీనిని సంస్థాన ప్రజలు ధ్రువీకరించవలె. త్వరలో ఏర్పడబోయే సంస్థాన రాజ్యాంగ సభ ద్వారా వెల్లడి అయ్యే ప్రజాభీష్టమే చివరి నిర్ణయం. సరిగా మూడు రోజుల తరువాత, నవంబరు 26న, తొమ్మిది సంస్థానాలు, వాటిలో హైదరాబాదు సహా, రాజ్యాంగాన్ని అంగీకరించినవని సర్దార్ పటేల్ సభకు తెలియజేశాడు. చాలా సంస్థానాల్లో చట్టసభలే లేవు గనుక పాలకుని అంగీకారం మీదనే రాజ్యాంగాన్ని అమలుపెట్టడం తప్ప గత్యంతరం లేదని ఆయన అక్టోబరులోనే చెప్పి ఉన్నాడు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినది. నిజాం రాజప్రముఖుడయినాడు. ఫర్మానాలో వాగ్దానం చేసిన ఆ రాజ్యాంగ సభ మాత్రం ఎన్నడూ సమావేశం కాలేదు.

ఇందులోని వైపరీత్యాన్ని పాఠకులు గమనించే ఉంటారు. 1937లో నిజామాబాదులో ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం జరిగింది. నిజామాబాదు జైలులో దాశరథి బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు వ్రాశాడు. ఇదంతా ఒక్క నిరంకుశుని మాట కోటిన్నర మంది నోరు మూయరాదనే. తీరా భారత రాజ్యాంగానికి ఈ గడ్డ పక్షాన పలికిన సమ్మతి ఎవరిది? ఆ నిరంకుశునిదే. ప్రజలను అడగాలి అనే వాక్యం సైతం ఆయన సంతకం కిందనే ఉన్నది.

ఇప్పుడు నీతిశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న పుట్టుతుంది. అడుగుతామని చెప్పి అడగనప్పుడు, ఆ శాసనం మనలను ఏ న్యాయంతో కట్టివేస్తుంది? కట్టివేయదని అనేవారు లేకపోలేదు. నేను ఆ పక్షం కాదు. కాని కట్టివేస్తుందని చెప్పడానికి సామాన్యంగా చూపే కారణాలు మూడు ఉన్నవి. అవి ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించక తప్పదు.

మొదటి కారణం ఇది: 1951-52 సార్వత్రిక ఎన్నికల్లో హైదరాబాదు ప్రజలు ఓటు వేశారు గదా, అదే ప్రజామోదం. ఈ వాదానికి బలం లేకపోలేదు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించిన కమ్యూనిస్టులు, పార్టీపై నిషేధం ఉన్నందువల్ల, ప్రజాస్వామిక ఫ్రంటు పేరుతో పోటీ చేశారు. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 93, ఫ్రంటుకు 42 వచ్చినవి. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన మెజారిటీతో పార్లమెంటుకు వెళ్ళాడు. నిన్నటిదాకా తుపాకి పట్టిన చేయి నేడు ఓటు కాగితం పట్టినది. ఇంతకంటె గొప్ప సమ్మతి ఏమి కావాలి అని అడుగుతారు.

మా నాయనమ్మకు ఆ ఎన్నికల్లోనే మొదటిసారి ఓటు వచ్చినది. అభ్యర్థికి ఒక పెట్టె చొప్పున, గుర్తులు అంటించిన పెట్టెలు వరుసగా పెట్టిన కాలం అది. "దొర ఓటూ ఒకటే, నా ఓటూ ఒకటే అని చెప్పిండ్రు, గది మాత్రం యాదికున్నది" అనేది. రాజ్యాంగం ఇష్టమేనా అని మిమ్ములను అడిగినారా అని నేను చిన్నతనంలో అడిగితే, "అట్ల గూడ అడుగుతరా బిడ్డా?" అని ఆశ్చర్యపోయినది. ఆమె వేసిన ఓటు ఎవరు పాలించాలి అనే ప్రశ్నకు జవాబు. ఏ నియమం ప్రకారం పాలించాలి అనే ప్రశ్న ఆమె ముందుకు రానే లేదు. రాని ప్రశ్నకు జవాబు చెప్పినదని ఎట్లా అనగలం?

అంతేకాదు. ఆ ఎన్నికలలో గెలిచిన శాసనసభ అయినా రాజ్యాంగాన్ని తూచి చూడగలిగేదా అంటే, అదీ సాధ్యం కాదు. సభ్యుడు తన స్థానంలో కూర్చోవడానికి ముందే రాజ్యాంగానికి విధేయుడనై ఉంటానని ప్రమాణం చేయవలసి ఉన్నది. ఒప్పుకున్న తరువాతనే ఒప్పుకోవాలా వద్దా అని చర్చించే హక్కు వస్తుందన్నమాట. ఇది రాజ్యాంగ రచయితల కుట్ర కాదు. ఏ రాజ్యాంగానికైనా ఉండే లక్షణమే. అందుకే ఆ ప్రశ్న అమలుకు ముందు అడగవలసినది. అది దాటిపోయిన తరువాత జరిగే ఎన్నికలు ఎంత స్వేచ్ఛగా జరిగినా, మొదటి ప్రశ్న స్థానాన్ని ఆక్రమించలేవు.

ఒక దేశంలో ఉంటూ, దాని రక్షణ పొందుతున్నవాడు మౌనంగా సమ్మతించినట్లే అని ఇంగ్లండులో లాక్ వాదించాడు. దానికి డేవిడ్ హ్యూమ్ 1748లో సమాధానం చెప్పాడు. నిద్రలో ఉన్నవానిని ఎత్తుకొనిపోయి ఓడలో పడవేసి, ఓడలో ఉన్నావు గనుక కప్తాను పెత్తనానికి సమ్మతించావు అనడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే అన్నాడు. దిగిపోవాలంటే సముద్రంలో దూకాలి. మా బోధను ప్రాంతపు రైతుకు ఈ సంగతి చెప్పడానికి ఓడ కూడా అక్కరలేదు. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఒక ఫ్యాక్టరీకి కొంత ప్రాంతాన్ని ప్రత్యేకించవచ్చు. ఆ హద్దులోని రైతు ఫ్యాక్టరీతో ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తాడు. సంతకం ఆయనదే. కాని నరికిన చెరుకు నాలుగు రోజులు నిలవ ఉంటే ఎండి తూకమూ తీపీ తగ్గుతుంది. మరొక ఫ్యాక్టరీ దరిదాపుల్లో లేదు. ఆ సంతకంలో సమ్మతి ఎంత, గతిలేనితనం ఎంత? సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నదనుకోవడం కాగితాన్ని చూసి మనిషిని చూడకపోవడమే.

రెండవ కారణం మరింత ఆలోచించదగినది. 1949లో ప్రజలను అడిగే పరిస్థితి ఉన్నదా? కార్యకర్తలు జైళ్ళలోనూ అడవుల్లోనూ ఉన్నారు. ఎందరో పల్లెజనానికి దొర ఎదుట నోరెత్తే ధైర్యం ఇంకా రాలేదు. సైనిక చర్య తరువాత ముస్లిం ప్రజల మీద జరిగిన హత్యాకాండలో, తక్కువలో తక్కువ అంచనాగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని పండిత సుందర్‌లాల్ కమిటీ తేల్చినది. ఆ కమిటీ అత్యంత బాధిత జిల్లాలుగా పేర్కొన్న నాలుగింటిలో నాందేడు, బీదరు మనకు పొరుగువి. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల కంట పడలేదు. అంతటి భయంలో ఉన్నవారి చేత వేయించిన ఓటు స్వేచ్ఛగా వేసిన ఓటు అవుతుందా?

కాదు. ఈ వాదాన్ని నేను ఒప్పుకుంటాను. కాని ఇది ఎంతవరకు సమర్థిస్తుంది? వాయిదాను సమర్థిస్తుందే గాని రద్దును సమర్థించదు. కరువు సంవత్సరంలో అప్పు తీర్చలేనివానికి గడువు ఇస్తాము. అంతమాత్రాన అప్పు లేదని పత్రం చించివేయము. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్ ప్రజలను, వారి నవాబు పారిపోయిన కొద్ది నెలలకే, ఓటు అడిగారు. మైసూరు వంటి సంస్థానాల్లో ప్రజాసభలు ఉన్నవి గనుక వాటి అభిప్రాయానికి విలువ ఇచ్చారు. హైదరాబాదుతో సంప్రదింపుల కాలంలో, ప్రజాభిప్రాయ సేకరణకు నిజాం ఒప్పుకోవడం లేదన్నదే భారత ప్రభుత్వపు ఫిర్యాదుల్లో ఒకటి. నిజాంను ఏ కొలతతో కొలిచామో ఆ కొలతకు మనమూ నిలవాలి గదా.

మూడవ కారణం అన్నిటికంటె గట్టిది. దీనిని అభ్యుదయవాదులు తేలికగా త్రోసివేయలేరు. శాసనం న్యాయమైనదా కాదా అన్నది ముఖ్యం. దానిని ఎవరు ఒప్పుకున్నారన్నది కాదు. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసినది. 23వ అధికరణం వెట్టిని నిషేధించినది. తెలంగాణలో వెట్టి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వెట్టి చేసేవాని విముక్తికి వెట్టి చేయించుకునేవాని అనుమతి కావాలా? ఊరంతా చేరి చేతులెత్తి మాదిగవాడ బావి సంగతి తేల్చాలంటే, ఆ ఊరి మెజారిటీ ఏమి తేల్చేదో ఊహించడం కష్టం కాదు. మనిషిని మనిషిగా చూడడం అనే నియమానికి ఎవరి ఆమోదమూ అవసరం లేదు. అది ఓటుకు ముందు ఉండవలసినది. ఓటును సాధ్యం చేసేది.

ప్రజామోదం దానంతట అది న్యాయానికి హామీ కాదనడానికి అమెరికా చరిత్రే సాక్ష్యం. 1787లో ఫిలడెల్ఫియాలో వ్రాసిన రాజ్యాంగాన్ని ప్రతి రాష్ట్రంలోనూ ప్రత్యేక సభ పెట్టి చర్చించారు. పదమూడింటిలో తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అది నిలుస్తుందని నియమం. మాసచూసెట్సులో 187-168, వర్జీనియాలో 89-79, న్యూయార్కులో 30-27 ఓట్లతో గట్టెక్కినది. రోడ్ ఐలండు మొదట తిరస్కరించి, 1790లో 34-32తో ఒప్పుకున్నది. ఎంతటి సూక్ష్మమైన సమ్మతి! అయినా ఆ సభల్లో ఏ బానిసకూ చోటు లేదు. ఏ స్త్రీకీ చోటు లేదు. ప్రాతినిధ్యపు లెక్కలో అయిదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా గుణించిన రాజ్యాంగం అది. ప్రజలు ఆమోదించినంత మాత్రాన ఆ అన్యాయం న్యాయం కాలేదు.

ఇక్కడితో ఆగితే, అడగకపోవడం వల్ల మనకు నష్టమేమీ జరగలేదని తేలుతుంది. కాని అమెరికా ఉదాహరణలో రెండవ సగం ఉన్నది. ఆ సభల్లో వ్యతిరేకించినవారు ఊరికే ఓడిపోలేదు. పౌరుని హక్కుల పట్టిక ఏదీ అని వారు నిలదీశారు. దాని ఫలితమే 1791లో చేరిన మొదటి పది సవరణలు. అనగా ప్రజామోదపు విలువ చివర పడే ముద్రలో లేదు; ముద్ర పడే ముందు జరిగే వాదులాటలో ఉన్నది. పాలకుడు పాలితుని ఎదుట నిలబడి, ఈ వాక్యం ఎందుకు ఉండాలో చెప్పవలసి రావడంలో ఉన్నది.

ఈ దృష్టితో చూసినప్పుడు మనం కోల్పోయినదేమిటో స్పష్టమవుతుంది. 1949లో తెలంగాణ నుంచి నిజమైన ప్రతినిధులు పదిమంది వెళ్ళి ఉంటే ఏమి మాట్లాడేవారు? భూమిని గురించి మాట్లాడేవారు. పరిహారం లేనిదే ఆస్తి తీసుకోరాదన్న 31వ అధికరణం, తరతరాలుగా దున్నినవాని నోటిలో మట్టి కొట్టేందుకు పనికివస్తుందని చెప్పేవారు. ఆ మాట చెప్పేవారు లేకపోయారు. తీరా జమీందారులు కోర్టులకెక్కిన తరువాత, రాజ్యాంగం అమలయి 17 నెలలు కూడా నిండకముందే, 1951 జూన్‌లో మొదటి సవరణ చేసి తొమ్మిదవ షెడ్యూలు చేర్చవలసి వచ్చినది. ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తొలగించడానికి 1978 దాకా పట్టినది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారానికి చోటిచ్చిన 22వ అధికరణాన్ని గురించీ మాట్లాడేవారు. ఆ అధికారం అనుభవంలో ఎట్లా ఉంటుందో హైదరాబాదు జైళ్ళలో ఉన్నవారికంటె ఎవరికి ఎక్కువ తెలుసు? వారు మాట్లాడితే ఆ అధికరణం మారేదని నేను అనను. ఓడిపోయి ఉండవచ్చు. కాని ఓడిన వాదం సభా కార్యక్రమంలో నమోదయి ఉంటుంది. తరువాతి తరం దానిని చదివి మళ్ళీ ఎత్తుకుంటుంది. అసలు పలకని వాదానికి ఆ భాగ్యం లేదు.

రాజ్యాంగ నిర్ణయ సభ సైతం వయోజన ఓటుతో ఏర్పడినది కాదు. ఆస్తి, పన్ను, చదువు అనే అర్హతల మీద ఓటు పొందినవారు ఎన్నుకున్న 1946 నాటి రాష్ట్ర శాసనసభలు దానిని ఎన్నుకున్నవి. ఈ ఆక్షేపణను హస్రత్ మొహానీ, దామోదర్ స్వరూప్ సేఠ్ వంటివారు సభలోనే లేవనెత్తారు. వారి ప్రతిపాదన నెగ్గలేదు. కాని ఈనాడు మనం ఆ ప్రశ్నను గౌరవంగా తలచుకుంటున్నామంటే అది అక్కడ పలికినందుచేతనే. 1949 నవంబరు 25న డాక్టర్ అంబేద్కర్ కూడా, ఒక తరం మరొక తరాన్ని శాశ్వతంగా కట్టివేయజాలదన్న జెఫర్సన్ అభిప్రాయాన్ని ఉదాహరించాడు. రాజకీయాల్లో సమానత్వం, సమాజంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నామని హెచ్చరించాడు. రచయితే తన రచనను అసంపూర్ణమని చెప్పినప్పుడు, దానిని ప్రశ్నించడం ద్రోహమని మనమెందుకు అనుకోవాలి?

ఇంతవరకు ఇతరుల తప్పులు చెప్పాను. మన పక్షపు తప్పు చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీ లేనిది అవుతుంది. 1955లో ఫజల్ అలీ సంఘం, తెలంగాణను కొంతకాలం వేరుగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితేనే ఆంధ్రతో కలపాలని సూచించినది. ఇది మళ్ళీ ప్రజామోదపు ప్రశ్నే. విశాలాంధ్రను కోరిన అభ్యుదయ శిబిరం ఆ అయిదారేళ్ళు ఆగడానికి ఇష్టపడలేదు. భాష ఒకటి, ప్రజలు ఒకటి, చరిత్ర గమనం మనవైపే ఉన్నది, ఇక అడగడం దేనికి అనుకున్నాము. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినది. 1969లో ఆ అడగని ప్రశ్న వీధుల్లోకి వచ్చినది. 2014 జూన్ 2న మరొక సమాధానం పొందినది. విలీనం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా విషయం కాదు. మంచిదని నమ్మినవారే, మంచిది గనుక అడగనక్కరలేదు అనుకున్నారు. నిజాము అనుకున్నదీ అదే గదా! ప్రజల మేలు ప్రజలకంటె తనకే బాగా తెలుసుననే నమ్మకం దొరతనానికి మూలం. అది ఎర్రజెండా కింద ఉన్నా దొరతనమే.

కనుక ఆ విద్యార్థికి నేను చెప్పవలసిన జవాబు ఇది. మీ తాతను అడగలేదు, నిజమే. అందువల్ల రాజ్యాంగం చెల్లకుండా పోదు. మీ తాతను మనిషిగా నిలబెట్టిన అధికరణాలకు ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని అధికారాన్ని ఎవరి చేతిలో ఎంత పెట్టాలి అనే భాగానికి మీ తాత అనుమతి కావలసి ఉండినది. అది తీసుకోలేదు. అందుచేత రాజ్యాంగం మనకు ఋణపడి ఉన్నది. రాజ్యం నీతో మన్నింపు కోరే ధోరణిలో మాట్లాడాలే గాని హుకుం జారీ చేసే ధోరణిలో కాదు.

ఆ ఋణం తీరే మార్గం రోజూ పీఠిక చదివించడం కాదు, అడగడం. 73వ సవరణ గ్రామసభను రాజ్యాంగంలో చేర్చి మూడు దశాబ్దాలు దాటినది. మన ఊళ్ళలో గ్రామసభ తీర్మానం ముందు తయారయి, సంతకాలు తరువాత సేకరించబడే సందర్భాలు ఎన్ని లేవు? 1937లో బోధనులో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఈ ప్రాంతపు జీవితాన్నే మార్చినది. 2002లో దానిలో ప్రైవేటు భాగస్వామ్యం ప్రవేశించినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. ఏ ఫ్యాక్టరీ అయినా కావచ్చు. దాని మీద ఆధారపడి చెరుకు వేసిన రైతునూ, గానుగ దగ్గర నిలబడిన కార్మికునీ అడగకుండా దాని భవిష్యత్తు తేల్చడం న్యాయమా? అడిగితే వారు తప్పు చెప్పవచ్చు. తప్పు చెప్పే హక్కు లేనివానికి ఒప్పు చెప్పే హక్కు కూడా ఉండదు.

తరువాతి వారం తరగతిలో పీఠికకు బదులు 17, 22, 23, 31 అధికరణాలను తెలుగులో చదివించాను. 31 ఇప్పుడు లేదని చెప్పి, ఎందుకు ఉండెనో, ఎందుకు పోయెనో వాదించమన్నాను. గంట కొట్టిన తరువాత కూడా ఇద్దరు లేవలేదు. ఒకనిది భూమి పోయిన కుటుంబం, మరొకనిది భూమి కొన్న కుటుంబం. ఆ ఇద్దరిలో ఎవరూ తమ తాతలను ఎవరో అడిగి ఉండవలసినదని ఆ రోజు అనలేదు. తమను అడిగితే ఏమి చెప్పాలా అని వెతుక్కుంటున్నారు.